సెంటు ఎవరికోసం?

సెంటు పూసుకున్న మనిషికి ఆ వాసన ఎంతసేపు తెలుస్తుందనుకున్నారు? పావుగంట, మహా అయితే అరగంట. ఆ తర్వాత ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. వంటింట్లో ఇంగువ పోపు వేసినావిడకు ఇల్లంతా ఘుమఘుమలాడిపోతున్న సంగతి, గుమ్మంలోకి వచ్చినవాళ్లు చెబితేగానీ తెలియదు చూడండి, అలాగే ఇదీను. ఉన్న వాసనను వదిలేసి, కొత్తగా వచ్చేదాన్ని, అంటే పాలు మాడటమో గ్యాసు కారడమో పసిగట్టడమే ముక్కు ఉద్యోగం. కాబట్టి డబ్బు పోసి కొన్నది మనం, మణికట్టుకు రాసుకున్నది మనం. రోజంతా వాసన చూసేది మాత్రం పక్క సీట్లో కూర్చున్నావిడ! ఇంత విచిత్రమైన వస్తువు ఆడవాళ్ల బీరువాలో మరొకటి లేదు. చీరైనా కనీసం అద్దంలో మనకూ కనబడుతుంది.

మరి సెంటు ఎవరికోసం పూసుకుంటున్నట్టు?

ఈ ప్రశ్నకు ప్రకటనలవాళ్లు ఒక జవాబు చెబుతారు. ఆడది నడిచి వెళ్తుంటే మగవాడు మెడ తిప్పి చూడాలి, అందుకోసమట. కాలేజీలో చదివే మన అమ్మాయిలు ఇంకో జవాబు చెబుతారు. "నాకోసం నేను పూసుకుంటాను, ఎవరికోసమో ఎందుకమ్మా?" అని. మొదటిది వింటే ఒళ్లు మండుతుంది. రెండోది వింటే ముచ్చటేస్తుంది గానీ, అరగంట తర్వాత సంగతేమిటని అడగాలనిపిస్తుంది.

ఉత్తి మాటలెందుకు, ఒక సీసా తీసుకుని చూద్దాం. డియోర్ కంపెనీవారు 1999లో విడుదల చేసిన 'జాడోర్' సంగతే చెబుతాను. కలీస్ బెకర్ అనే ఆవిడ చేసిన సెంటది. పొడుగాటి మెడకు బంగారు కంటెలు పెట్టుకున్నట్టుంటుంది సీసా. ఫ్రెంచిలో ఆ పేరుకు 'నాకెంతో ఇష్టం' అని అర్థమట. ఎవరంటే ఇష్టమో సీసా మీద రాయలేదు లెండి.

పూలూ పండ్లూ కలిసిన సెంట్లలో ఇది బాగా పేరుపడ్డది. పూసుకోగానే ముక్కుకు తగిలేది పండే. బేరిపండు, ఖర్బూజా, కాస్త పీచ్ పండు. పెళ్లివారింట్లో పళ్ల బుట్టలన్నీ ఒకే గదిలో పెట్టి తలుపేసి, గంట తర్వాత తీస్తే ఎలా ఉంటుందో అలా. నా మటుకు నాకు ఈ మొదటి పది నిమిషాలూ మరీ తీపి. ప్రతి మాటకూ పకపకా నవ్వే పిల్లలా ఉంటుంది. అక్కడే తీర్పు చెప్పేసి సీసా కింద పెట్టేస్తే అన్యాయమే. ఆ తర్వాత పండు మెల్లగా పక్కకు తప్పుకుంటుంది. మల్లె, గులాబి, ఇంకా ఏవో తెల్లపూలు ముందుకొస్తాయి. సాయంత్రానికి మిగిలేది, ఉతికి ఆరేసిన నూలుచీరను చెంపకు ఆనించుకున్నంత మెత్తదనం. నాకు నచ్చింది అదిగో, ఆ చివరిది.

అందుకే కొట్లో కాగితం ముక్క మీద జల్లి ఇచ్చింది వాసన చూసి కొనెయ్యకండి. తేలికపాటి వాసనలు ముందుగా ఎగిరిపోతాయి, బరువైనవి తీరిగ్గా బయటికొస్తాయి. ముందొచ్చేవి అమ్మడానికి పనికొస్తాయి, మనతో కాపరం చేసేవి వెనకాల వచ్చేవి. (పెళ్లిచూపులు గుర్తుకొస్తే నా తప్పు కాదు.) మణికట్టు మీద ఒక్క చుక్క వేసుకుని, రెండు చేతులూ కలిపి రుద్దకుండా ఇంటికి వచ్చెయ్యండి. వంట చేసుకోండి, అంట్లు సర్దుకోండి, సాయంత్రం మళ్లీ వాసన చూడండి. ఒకే రోజు నాలుగైదు రకాలు చూస్తే ముక్కు అలిసిపోయి అన్నీ ఒకటే అంటుంది, చీరల కొట్లో నలభయ్యో చీర దగ్గర కళ్లు చేసే పనే అది కూడా చేస్తుంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇలాంటి సెంట్లలో పీచ్ వాసన పీచ్ పండులోంచి తీసింది కాదు. నిమ్మ, నారింజ తొక్కల నుంచి నూనె పిండవచ్చు గానీ, మెత్తటి పండ్ల నుంచి అలా రాదు. అందుకని ప్రయోగశాలలో తయారు చేస్తారు. 1908 నాటికే కనిపెట్టారు దాన్ని. 1919లో గెర్లాన్ కంపెనీవారి 'మిత్సుకో' అనే సెంటులో వాడాక ప్రసిద్ధికెక్కింది. 'ఆల్డిహైడ్ సి-14' అని దాని వ్యాపారపు పేరు. తీరా చూస్తే అది ఆల్డిహైడూ కాదు, అందులో కార్బన్లు 14 కూడా లేవు, 11 మాత్రమే! నేను బి.ఏ. చదివినదాన్ని. కెమిస్ట్రీవాళ్లు కూడా మాలాగే పేర్ల దగ్గర కల్పనలు చేస్తారని తెలిసి సంతోషించాను.

అయితే ఇది మోసమేనా? చెట్టు ముఖం చూడని పండును పండంటూ అమ్మడం అబద్ధం కాదా? నా లెక్కలో కాదు. నా నవలల్లో పాత్రలేవీ ఓటర్ల జాబితాలో లేవు. అయినా వాటికోసం కంటతడి పెట్టుకున్నామని ఉత్తరాలు రాసినవాళ్లున్నారు. కాకపోతే ఒకటి. కల్పనను కల్పనని చెప్పి అమ్మాలి. 'అచ్చమైన పండ్ల సారం' అని సీసా మీద రాస్తే మాత్రం అది మోసమే.

ఇంకో వింత చెప్పనా? మల్లెపూవులోనే పండు వాసన ఉంది. మల్లెజాతి పూలలో బెంజైల్ ఎసిటేట్ అనే పదార్థం పుష్కలంగా ఉంటుంది, విడిగా వాసన చూస్తే అరటిపండో బేరిపండో అన్నట్టుంటుంది. దాంతోపాటు కొద్దిగా ఇండోల్ అనేది కూడా ఉంటుంది, అది విడిగా ఎలా ఉంటుందో ఆదివారం పొద్దున్నే కాఫీ తాగుతూ చదివేవాళ్లకు చెప్పకూడదు. దుర్వాసన పిసరంత కలవకపోతే మల్లె మల్లె కాదన్నమాట.

సెంట్లు ఆడవాళ్ల షోకు అనే మగవాళ్లకు కొండవీటి సంగతి గుర్తుచేయాలి. పద్నాలుగో శతాబ్దం చివర కొండవీడు ఏలిన కుమారగిరిరెడ్డికి కర్పూర వసంతరాయలని బిరుదు. ఆయన వసంతోత్సవాలకు కర్పూరం, కస్తూరి, జవాది, పన్నీరు సరఫరా చేసిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు 'హరవిలాసం' అంకితమిచ్చింది ఆయనకే. ఇన్ని సుగంధాలు ఎవరికోసమని ఆ రాజును ఎవరైనా అడిగారా?

అడగరు. ఆ ప్రశ్న కొందరికే దాచిపెట్టి ఉంచుతారు.

మా వీధిలో ఒక టీచరుగారున్నారు. రిటైరయ్యారు. భర్త పోయి ఆరేళ్లయింది. అమెరికాలో ఉన్న కూతురు క్రిందటి సంక్రాంతికి వస్తూ ఇలాంటి సెంటు సీసాయే తెచ్చిచ్చింది. ఆవిడ చాన్నాళ్లు బీరువాలోనే ఉంచి, దగ్గరివాళ్ల గృహప్రవేశానికి వెళ్తూ ఒక్క చుక్క రాసుకున్నారు. హాల్లో చాపలమీద కూర్చున్న ఆడవాళ్లంతా "ఎవరే, మల్లెపూల వాసన ఇంత కమ్మగా వస్తోంది!" అని ఒకటే మెచ్చుకోలు. ఎవరి జడలోనూ మల్లెపూలు లేవు, అది మల్లెల కాలం కాదు. వెతగ్గా వెతగ్గా ఆ వాసన టీచరుగారి దగ్గర తేలింది. అంతే, గదిలో మాట పడిపోయింది. ఆవిడ ఆడపడుచు మాత్రం మెల్లగా అంది: "ఇప్పుడు ఇవన్నీ ఎవరికోసం వదినా?"

నిమిషం క్రితం కమ్మగా ఉన్న వాసన నిమిషం తర్వాత తప్పయింది. సెంటు మారలేదు, పూసుకున్న మనిషి ఎవరో తెలిసింది, అంతే. మనం సెంటుకు వేసే మార్కులన్నీ ముక్కుతోనే వేస్తున్నామా అని నాకు అనుమానం వచ్చింది అక్కడే. శాస్త్రం మాటకొస్తే, పువ్వు పెట్టుకోకూడదన్నారు గానీ, 11 కార్బన్ల సంగతి ఎవరూ రాయలేదు. కానీ ఆ అడ్డదారి వాదన నాకు ఇష్టంలేదు. సీసా పువ్వు కాదు కనుక ఫరవాలేదంటే, పువ్వు పెట్టుకోవడం తప్పేనని ఒప్పుకున్నట్టవుతుంది. వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. పెళ్లి సంగతి అలా ఉంచండి, మూరెడు పూల సంగతి చాలా ఇళ్లల్లో ఇప్పటికీ తేలలేదు. 2022లో మహారాష్ట్రలో హేర్వాడ్ అనే ఊరి పంచాయతీవారు, భర్త పోయినావిడ గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం లాంటివి మానాలని తీర్మానం చేయాల్సి వచ్చింది.

ఆడపడుచుకు ఏం జవాబు చెప్పారని నేను తర్వాత అడిగాను. "అక్కడేమీ అనలేదమ్మా, వాళ్లింటి శుభకార్యం" అన్నారు టీచరుగారు. "అసలు నేను దాన్ని రాసుకునేది బయటికి వెళ్లేటప్పుడు కాదు. రాత్రి వంటిల్లు కడుక్కుని, లైటు తీసేసి పడుకోబోయే ముందు. ఓ పావుగంట తెలుస్తుంది. తర్వాత తెలియదు. నాకు ఆ పావుగంట చాలు."

'నాకోసం నేను' అనే కాలేజీ పిల్లల మాటను నేను పూర్తిగా నమ్మింది అప్పుడే. చూసేవాళ్లు లేరు, మెచ్చుకునేవాళ్లు లేరు. చీకట్లో ఒక చుక్క.

ఎదటివాళ్ల ముక్కుకూ హక్కులున్నాయని నేను మర్చిపోలేదు. ఏసీ బస్సులో కిటికీ తెరవడానికి ఉండదు, తలనొప్పి మనిషికి పక్కావిడ సెంటు శిక్షే. ఆస్పత్రికి, సంగీతకచేరీకి గుప్పున పూసుకుని వచ్చేవాళ్లమీద నాకు కోపమే. దగ్గరకొచ్చి పలకరించినవాళ్లకు తెలియాలి, దూరాన ఉన్నవాళ్లకు తెలియకూడదు. ఆ పాటి కొలత చేతికి అలవాటవుతుంది, కూరలో ఉప్పులాగే. టీచరుగారి ఒక్క చుక్కకు మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ సీసా ఇప్పుడు సగానికి వచ్చింది. ఈసారి పండు వాసన తగ్గించి, పూలు ఎక్కువున్నది చూసి పంపమని కూతురికి చెప్పారట.