నిష్ఠూరం లేని వీడ్కోలు

అమెరికా కంట్రీ గాయని డాలీ పార్టన్ 1973లో ఒక వీడ్కోలు పాట రాశారు. తనకు పేరు తెచ్చిన పోర్టర్ వాగనర్ టీవీ షోను వదిలి సొంత దారి పట్టాలనుకున్న రోజులవి. నిష్ఠూరమాడలేదు, ప్రేమగా సెలవు అడిగారు. ఆ పాటే ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’. 1974లోనూ, ఆమే మళ్లీ పాడిన 1982లోనూ కంట్రీ పాటల్లో మొదటి స్థానం దానిదే. మధ్యలో మరో గాయని లిండా రాన్‌స్టాట్ పాడారు. 1992లో ‘ది బాడీగార్డ్’ సినిమాకు విట్నీ హ్యూస్టన్ పాడితే ప్రపంచమంతా విన్నది. డాలీ గొంతులో అది సన్నని వేడుకోలు. విట్నీ గొంతులో ఎలుగెత్తిన ధైర్యం. ఎవరు పాడినా అందులోని మంచితనం చెక్కుచెదరలేదు. విడిపోవడం ఒక్కోసారి తప్పదు, ద్వేషించడం మాత్రం ఎప్పుడూ తప్పనిసరి కాదు. దూరమైన ఒకరికి ఈరోజు మనసారా మేలు కోరుకుందాం.