నీళ్ల కింద ఊరు, గొర్రెల మేతలో ఊరు

వెంగళరావు నగర్,
హైదరాబాద్.



అమ్మలూ, స్కాట్లండ్‌లోని స్కై దీవికి నువ్వు వేసుకున్న ప్రయాణం పట్టీని మీ నాన్న చదివి వినిపించాడు. గ్లాస్గో నుంచి బయల్దేరి, రెండు రోజుల్లో ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టార్, క్విరాంగ్, ఫెయిరీ పూల్స్, నీస్ట్ పాయింట్ దీపస్తంభం, పోర్ట్రీ రేవు అన్నీ చూస్తానన్నావు. వెళ్లు తల్లీ. కానీ అందులో మూడు కొట్టేసి, ఒక పూట నేను చెప్పే చోట నడువు. ఎందుకో చెబుతాను.

సినిమా ప్రొడక్షన్‌లో ముప్పై ఏళ్లు చేశాను. చీకటితోనే ఇక్కణ్ణుంచి కృష్ణానగర్ దాకా నడిచి యూనిట్ బస్సెక్కేవాణ్ణి. ఎండ ఎటునుంచి పడుతుంది, జనరేటర్ వ్యాను ఎక్కడ ఆపాలి, భోజనాలు ఎక్కడ పెట్టాలి: ఏ ఊరెళ్లినా ఇంతే చూశాను. నలభై ఏళ్ల కిందట ఒక పాట కోసం నాగార్జునకొండకు వెళ్లాం. పొద్దువాలేలోపు లాంచీ ఎక్కేశాం. నీళ్ల మధ్య పచ్చటి గుట్ట, నాకు గుర్తున్నది అదే.

రిటైరయ్యాక మీ నానమ్మతో మళ్లీ వెళ్లాను. లాంచీలో పక్కన కూర్చున్న పెద్దాయన నీళ్లవైపు చెయ్యి చాపి, "మా ఇల్లు ఆ పక్కనుండేదయ్యా" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు. నేను దీవి అనుకున్నది కొండ కొస అని, దాని కింద ఒక లోయ నిండా ఇళ్లూ చేలూ ఉండేవని అప్పుడు తట్టింది నాకు. సిగ్గుపడ్డాను.

ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ఆ వంశపు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి మహాచైత్యమనే బౌద్ధ స్తూపం కట్టించింది అక్కడే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు నాగార్జున సాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. లోయ మునుగుతుందని 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవాళ్లు తవ్వి, తొమ్మిది కట్టడాలను తెచ్చి కొండమీద మళ్లీ పేర్చారు. మరికొన్నిటిని ఒడ్డున అనుపులో మళ్లీ కట్టారు. పుల్లారెడ్డిగూడెం లాంటి ఊళ్లను మాత్రం ఎవరూ కొండెక్కించలేదు. డ్యామ్ కట్టడం తప్పనను. ఆ నీళ్లతో పల్నాడు, నల్గొండ పండాయి, మనం ఆ అన్నం తిన్నాం. తిన్నవాళ్లం కనక ఆ ఊళ్ల పేర్లయినా తెలుసుకోవాలి కదా.

నువ్వు వెళ్లే దీవిలో మనుషుల్ని కదిలించింది నీళ్లు కాదు, గొర్రెలు. దీవి దక్షిణాన సముద్రం ఒడ్డున బోరెరైగ్ అని ఒక పల్లె ఉండేది. లార్డ్ మెక్‌డొనాల్డ్ ఎస్టేటువాళ్లు గొర్రెల మేత కోసం 1853లో ఆ జనాన్ని వెళ్లగొట్టారు. పైకప్పుల్లేని రాతి గోడలు ఇప్పటికీ గడ్డిలో ఉన్నాయి. బ్రాడ్‌ఫర్డ్ దాటాక కిల్ క్రీస్ట్ అనే పాడుబడ్డ చర్చి వస్తుంది. ఆ పక్కనుంచి పాత పాలరాతి గనుల మీదుగా బోరెరైగ్‌కు కాలిబాట ఉంది. స్కాట్లండ్‌లో మనుషుల్లేని పచ్చిక కనబడితే అందరూ ప్రకృతి అంటారు. కొన్ని చోట్ల అది ప్రకృతి కాదమ్మా, ఖాళీ చేయించిన ఊరు.

2003 నాటి చట్టం ప్రకారం అక్కడ ఇళ్ల ఆవరణలు, పంట వేసిన చేల లాంటివి తప్ప, ఎవరి నేలమీదైనా బాధ్యతగా నడిచే హక్కు నీకుంది. అక్కడే పుట్టినవాళ్లకు ఒకప్పుడు ఆ నేలమీద నిలిచే హక్కు కూడా లేకపోయింది. అది తలుచుకుని నడువు. గేటు మూసి ఉంటే దాటాక మూసెయ్యి. గొర్రెపిల్లలుంటే దూరంగా వెళ్లు. గోడలెక్కి ఫోటో దిగకు, ఒక్క రాయి కూడా జేబులో వేసుకోకు. వాన పట్టుకుంటే వెనక్కి తిరిగిరా, మళ్లీ వెళ్లొచ్చు. మంచి బూట్లు కొనుక్కో, డబ్బు నేను పంపుతాను.

బోరెరైగ్‌లో ఒక ఇంటి గుమ్మంలో కాసేపు కూర్చో. ఆ ఇంటి ఇల్లాలు పొద్దున్నే తలుపు తీస్తే ముందు ఏం కనబడేదో చూసి, నాకు ఉత్తరం రాయి.

మీ తాతయ్య