ముందువాని వంతు

వైరా యేటికడ్డముగా నిజాము ప్రభుత్వకాలమున, 1930 ప్రాంతమున, నిర్మింపబడిన జలాశయము క్రింద సేద్యము చేయు రైతునకును, 1967లో నీరు వదలబడిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింది రైతునకును, 1855 నాటి బెజవాడ ఆనకట్ట మూలమున పచ్చబడిన డెల్టా పొలములకును నడుమ, కరవు వచ్చిన యేట ఎవరి పైరు ముందుగా తడుపవలెనను ప్రశ్న ఇంజనీరులు లెక్కగట్టి తేల్చవలసినదిగా పైకి గాన్పించును గాని, అది మూలమున ధర్మప్రశ్న. వైరా మున్నేటను, మున్నేరు కృష్ణను కలియును గనుక వీరందరును ఒకే నీటిని నమ్ముకొన్నవారు.

1976లో తుదిరూపము దాల్చిన బచావత్ ట్రిబ్యునల్ తీర్పు కృష్ణాజలమును మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టి.ఎం.సి.లుగా పంచుచు, 1960 సెప్టెంబరు నాటికి వాడుకలోనో నిర్మాణములోనో యుండిన ప్రాజెక్టులకు రక్షణ కల్పించెను. ఇది కాలమును బట్టిన ప్రాధాన్యము. తరతరములుగా ఒక నీటిని నమ్మి ఊళ్లు కట్టుకొన్నవారిని ఒక్క కలముపోటుతో ఎండగట్టరాదను కారుణ్యమే దీనికి ప్రాణము. అందుచేతనే నదికి చివరనున్న డెల్టా హక్కున మొదటిదైనది.

కాలువ గట్టు మీదనో, న్యాయము తలక్రిందులగును. అచట స్థానమే ప్రధానము. ఎడమ కాలువ నల్లగొండను దాటి ఖమ్మము మండలములకు, అటనుండి తిరువూరు వైపునకు పోవుచుండగా, తూమునకు దగ్గరివాడు తృప్తిగా వరి నాటును. చివరి ఆయకట్టు రైతు వారబందీ, అనగా వంతులవారీ నీటి, దినములను లెక్కించుచు రాత్రులు గట్టుపై కావలి కాయును. ఈ కాలువ మీద వైరా ప్రాంతపు రైతు నల్లగొండ రైతునకు దిగువవాడు, తిరువూరు రైతునకు ఎగువవాడు. పైనుండి తనకు జరిగిన అన్యాయమును చక్కగా ఎరిగినవాడే క్రిందివానికి అదే అన్యాయము చేయుట నన్ను మిక్కిలి బాధించును. ముందుగా పుట్టుటయు, మొదట నుండుటయు ఎవని పుణ్యఫలమును గాదు. వానినుండి స్వామ్యమెట్లు పుట్టును?

ఖమ్మమునకు చేరువనే నేలకొండపల్లి మహాస్తూపము గలదు. అచట పూజలందుకొన్న బుద్ధుడు, రోహిణీనది నీటికై శాక్యులును కోలియులును కత్తులు దూయ సిద్ధమైనప్పుడు, నీరు విలువైనదా, మనుష్యుల రక్తము విలువైనదా యని యడిగి వారి నాపెనని బౌద్ధులు చెప్పుదురు. మదీనా పొలముల తగవున ప్రవక్త చెప్పిన నియమము మరింత సూక్ష్మమైనది: ఎగువవాడే ముందు తడుపుకొనవలెను, గాని నీరు చీలమండ లోతునకు చేరగానే క్రిందికి వదలవలెనని ఇస్లాము ధర్మశాస్త్ర (ఫిఖ్హ్) పండితులు దానిని వివరించిరి. ప్రాధాన్యమును త్రోసివేయక, దానికి మితి గీచిన ఈ తీర్పు నాకు పరమధర్మముగా తోచును. దేవతలిచ్చినదానిని తిరిగి అర్పింపక తానే భుజించువాడు దొంగయని గీతాకారుడన్నదియు ఈ మితిని గూర్చియే. వేదము వృత్రుని నిందించినది నీటిని అనుభవించినందుకు గాదు, నిర్బంధించినందుకు.

కాబట్టి ముందువానికి గలది వంతు మాత్రమే, స్వామ్యము గాదు. పైరు దప్పి తీరిన క్షణమున ఆ వంతు ముగియును.

ఇంకొక మాట చెప్పక తప్పదు. ఏ తీర్పైనను లెక్కించునది కాలువలను, ఆనకట్టలను. భద్రాచలము వైపు అడవులలో వాగునీటితో బ్రతికిన కోయలు మనకన్న ముందువారే యైనను, వారికి తూము లేదు గనుక ఆ ముందుతనమునకు తేదీ వ్రాయబడలేదు. 2024 ఆగస్టు 15న ప్రారంభమైన సీతారామ ఎత్తిపోతల పథకము గోదావరీజలమును అశ్వాపురము, ములకలపల్లి మండలముల మీదుగా మన వైపునకు తెచ్చుటకు సంకల్పింపబడినది. ఆ నీటిని కోరుచున్న వైరా ఆయకట్టుదారులారా, త్రోవలోని అడవిపల్లెల పొలములు తడియకమునుపు మన తూములు తెరువుమని అడుగకుడు.