కొసరు

పూర్వము మన సంతలలో కొసరనునది కొనువాని హక్కు. వంకాయలు తూచిన పిదప మఱి రెండు వేయుమనియు, పాలు కొలిచిన పిదప చెంబులో నింకొక చుక్క పోయుమనియు నడుగుటకు మన తల్లులు సిగ్గుపడెడివారు కారు. అమ్మువాడు గొణుగుకొనుచునైనను వేసెడివాడు. నేడు ఫోనులో వెలసిన అంగళ్ళయందు కొసరడుగువాడు అమ్మువాడే. అడుగుట యని చెప్పుటయు తప్పు, అడుగకయే తీసికొనుచున్నాడు.

ఇటీవల మేమొక టిక్కెట్టు కొని సొమ్ము చెల్లించిన పిదప లెక్క చూచుకొనగా, ఒక ధర్మకార్యమునకని 10 రూపాయ లధికముగా పోయియుండెను. పుటయడుగున నొక చిన్న గడిలో మా సమ్మతిని సూచించు గుఱుతు మాకంటె ముందే పెట్టబడి యుండెనట. మేము దానిని తీసివేయలేదు గనుక ఇచ్చినట్లే యని యా వర్తకుని న్యాయము. మన పెద్దలు దానమునకు సంకల్పము చెప్పి, నీరు ధారవోసి మఱి యిచ్చెడివారు. ఇచ్చుచున్నానని యెఱుగని చేయి ఇచ్చినది దానమగునా? ఇచ్చినవానికి పుణ్యము లేదు. పుచ్చుకొన్నవారి కన్నము దొరకినను, నడుమనున్నవాడు చేసిన పనికి వేఱు పేరు కలదు.

ఇట్టి యుపాయములకు 2010వ సంవత్సరమున హ్యారీ బ్రిగ్నల్ అనువాడు డార్క్ ప్యాటర్నులని పేరు పెట్టెను. మన దేశమున కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వీనిని నిషేధించుచు 2023 నవంబరు 30వ తేదీన మార్గదర్శకములను ప్రకటించి, 13 విధములను పేర్కొన్నది. లేని తొందర కల్పించుట యందొకటి. అడుగకయే బుట్టలో సరకు వేయుట మఱియొకటి. ధర్మకార్యముల విరాళములును ఇందులోనివే. మొదట తక్కువ వెల చూపి తుదకు పెంచుట, చందాలో చేర్చుకొని వెలికి పోనీయకుండుట కలవు. వలదన్నవానిని సిగ్గుపఱచుటయు కలదు: విమానపు టిక్కెట్టుతో బీమా వలదన్నవాడు, తాను రక్షణ లేకయే యుండెదనని తన వ్రేలితోనే యొప్పుకొనవలెను!

కన్నులున్నవాడు చూచుకొనవలదా యని కొందఱందురు. తప్పుడు తూనికలు పూర్వమును కలవు. నాటి వర్తకులందఱును ధర్మరాజులు కారు. అయినను త్రాసు మన యెదుట నుండెడిది. బేరము కుదరకున్న నాలుగడుగులు వేసి పోవుటకు త్రోవ యుండెడిది. వెనుకనుండి పిలుపు కూడ వచ్చెడిది. ఇప్పుడో, ఏ రంగు మీటను వ్రేలు ముందుగా నొక్కునో వేలకొలది జనులమీద పరీక్షించి తెలిసికొన్నవా డొకవైపు, కొడుకు కొనియిచ్చిన ఫోనులో ఆంగ్లాక్షరములు కూడబలుకుకొను వృద్ధు డొకవైపు. వీరిరువురి నడుమ జరిగినదానిని ఒడంబడిక యని యెట్లందుము? ఔననుటకు ఒక్క మీటయు, కాదనుటకు నాలుగు పుటలును ఉన్నచోట ఔనన్న మాటకు విలువ లేదని మా యభిప్రాయము.

దోషమంతయు వర్తకునిదే యనుటకు మాకు నోరాడదు. 2016లో యూపీఐ వచ్చినది మొదలు నాణెములు లెక్కపెట్టు వ్రేళ్ళకు పని తప్పుచున్నది. చేతినుండి పోవు సొమ్ము బరువు తెలియుట లేదు. పది నిమిషములలో ఇంటికి పెరుగు రావలెనని కోరుట మేమును నేర్చుకొంటిమి. తొందరయంతయు వర్తకుడు కల్పించినదే యనుకొంటిమి గాని, సగము మా యింటిలోనిదే.

ఆ 10 రూపాయలను గూర్చి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు, 1915 సంఖ్యకు, ఫోను చేయవచ్చునని మిత్రుడొకడు చెప్పెను. చేయలేదు. ధర్మమునకు పోయిన సొమ్మును తిరిగి యడుగుటయా యని సిగ్గువేసినది. ఆ గడిని ముందే నింపినవాడు మా సిగ్గును కూడ లెక్కలో వేసికొనియే యుండును.