నీడకు బాడుగ

మాది అనంతపురం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే నేల. నైరుతి మబ్బుల్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్యం నుంచి వచ్చేవి మా దాకా చేరేసరికి వట్టిపోతాయి. వేరుశనగ ఎండిన ఏడు పల్లెలకు పల్లెలే బెంగళూరు బస్సెక్కుతాయి. ఇట్లాంటి చోట పుట్టినవాళ్లకు చెట్టు నీడ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. పచ్చటి వీధిలో ఇల్లు కావాలనుకోవడం మాకు దర్జా కోసం కాదు. అదొక ఆకలి.

మేమూ ఆ బస్సే ఎక్కినాం. తట్టా పారా పట్టుకొని కాదు, కలం పట్టుకొని. ఉర్దూలో కొంత, తెలుగులో కొంత వార్తలు రాసుకునే బతుకు మాది. పిల్లల చదువు కోసం జయనగర్‌లో ఇల్లు వెతికాం. 1948లో పునాది పడిన పేట అది. పక్కనే 240 ఎకరాల లాల్‌బాగ్. కొన్ని వీధుల్లో రెండు పక్కల చెట్లూ పైన కలుసుకొని పందిరేసినట్టుంటాయి.

ఫోన్ చేస్తే ఇల్లు ఖాళీగానే ఉండేది. పేరు చెప్పగానే నిండిపోయేది. ఒకాయన మాంసం తింటారా అని అడిగాడు. తినడం మానేస్తామన్నా ఇచ్చేవాడు కాదని ఆయన గొంతే చెప్పింది. ఇంకొకామె చాలా మర్యాదగా, 'మాకేం అభ్యంతరం లేదండీ, పక్కింటివాళ్లే ఒప్పుకోరు' అంది. ఆ పక్కింటికీ పోయి అడిగాం. వాళ్లూ అదే మాట. మా మీద ఎవరికీ ద్వేషం లేదు. కానీ అందరికీ ఒక పక్కిల్లు ఉంది.

మా సీమలో కుళ్లాయప్ప అనే పేరు విని మతం చెప్పలేం. గూగూడు పీర్ల పండక్కి మొక్కుకున్న హిందువుల బిడ్డలకూ అదే పేరు. ఉసేనప్పలు, మస్తానమ్మలు రెండు వైపులా ఉన్నారు. పేరు విని మతం చెప్పలేని పల్లెల నుంచి, పేరు విని తలుపేసే నగరానికి వచ్చినాం. మా ఊళ్లు స్వర్గాలని చెప్పడం లేదు. 1992 డిసెంబర్ తర్వాత అక్కడా చూపులు మారాయి. అయినా పీరు ముందు అగ్గి తొక్కేటప్పుడు నీదే పేరని అడిగినవాడు లేడు.

లాల్‌బాగ్ వేయించింది హైదర్ అలీ, 1760లో. దేశదేశాల మొక్కలు తెప్పించి దాన్ని పెంచింది టిప్పు సుల్తాన్. ఆ హైదరే 1776లో మా గుత్తి కోటను మురారిరావు నుంచి గుంజుకున్నాడు. హైదర్ మా తాత కాదు. ఆయన తోట వేశాడు గనక మాకు ఇల్లివ్వండని అడగడం లేదు. తాతల లెక్కలు తీస్తే ఈ దేశంలో ఎవరికీ నిలవ నీడ ఉండదు. మేం అడిగేది వేరే. ఆ వీధి చెట్లకు పాదు తీసింది జనం సొమ్ముతో. ఆ కొళాయిల్లో వచ్చే కావేరి నీళ్లు వంద కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసినవి, అదీ జనం సొమ్ముతోనే. ఇల్లొక్కటే సొంతం. కానీ ఆ ఒక్క తలుపు మూస్తే అందరి నీడా మూసుకుపోతుంది. రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, రోడ్లు, దుకాణాలు, హోటళ్ల దగ్గర మతం పేరుతో, కులం పేరుతో ఎవరినీ ఆపకూడదంది. ఆ జాబితాలో బాడుగ ఇల్లు లేదు. బావి దగ్గర తప్పయింది గేటు దగ్గర ఒప్పెట్లా అయింది?

చివరికొకాయన ఇల్లిచ్చాడు. పది నెలల బాడుగ అడ్వాన్సు తీసుకొని, తాళం చేతిలో పెడుతూ, 'మీరు వాళ్లలాగా లేరు, అందుకే ఇస్తున్నా' అన్నాడు. ఆ మంచి మనిషి మమ్మల్ని మెచ్చుకున్నానే అనుకున్నాడు. మేం నవ్వి తాళం తీసుకున్నాం. మమ్మల్ని ఇప్పటికీ తినేస్తున్నది ఆ నవ్వే. 'వాళ్లు' ఎవరని అడగలేదు. అడిగితే ఇల్లు పోతుంది.

తర్వాత అమ్మీ ఊరి నుంచి వస్తానంది. బుర్ఖా గేటు బయటే తీసి లోపలికి రమ్మని ఫోన్‌లో చెప్పాం. ఇంటాయన చెప్పమనలేదు. ఎవరూ చెప్పమనలేదు. మేమే చెప్పాం. అమ్మీ కాసేపు మాట్లాడలేదు. 'అంత చల్లగా ఉంటుందా బేటా ఆ ఇల్లు?' అంది. రాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది మాకు, అనంతపురంలో మా ఇంటి మిద్దె మీద గది. కింద వేపచెట్టు, ఆ వీధికంతటికీ అదే నీడ. ఒకసారి దూదేకుల కుటుంబం ఆ గది బాడుగకు అడిగింది. 'వాళ్లకు ఉర్దూ రాదు, సగం ముసల్మానులు' అని ఇంట్లో అన్నారు. గది ఖాళీ లేదని చెప్పి పంపాం. వాళ్లు వేపచెట్టు కింద నిలబడి కాసిని నీళ్లు తాగి పోయినారు. గది ఆ ఏడంతా ఖాళీగానే ఉంది. మాకూ ఒక పక్కిల్లు ఉండేది మరి.

కాబట్టి మా ప్రశ్న ఇంటాయనకొక్కడికే కాదు. మనవాళ్లను కాదంటేనే దొరికే నీడ నీడేనా? కాదని మా నమ్మకం. బుర్ఖా వేసుకున్న అమ్మీ, తట్ట మోసే కదిరి కూలీ, ఉర్దూ రాని దూదేకులాయన, వీళ్లంతా గేటు బయట ఎండలో ఉంటే లోపల మేం కూర్చునేది చెట్టు కింద కాదు, భయం కింద. రేపు ఇంకొకడెవడో మమ్మల్ని కూడా 'వాళ్లు' అంటాడేమోనన్న భయం. మంచి ముస్లిం అనిపించుకోవడమంటే బాడుగ కట్టడం లాంటిదే. నెలనెలా కట్టాలి. సొంతం ఎప్పటికీ కాదు.

పదకొండు నెలల అగ్రిమెంటు ముగిసే ముందు ఇంటాయన దగ్గరికి పోయినాం. 'మీరన్న మాటకు ఆరోజే జవాబు చెప్పాల్సింది. మేం అచ్చం వాళ్లలాగే ఉంటాం. రంజాన్‌కు అమ్మీ వస్తుంది, బుర్ఖాతోనే వస్తుంది' అన్నాం. ఆయన కోప్పడలేదు. ఆలోచించి చెబుతానన్నాడు.

ఆయన ఆలోచిస్తున్నాడు. ఈలోపు మేం ఊరికి ఫోన్ చేసి అమ్మీకి ఒక మాట చెప్పాం. మిద్దె మీద గదికి ఎవరైనా వస్తే, పేరు అడగొద్దని.