నిజమైతే బాగుండును

క్లోద్ షబ్రోల్ 1978లో తీసిన ‘వియోలెత్ నోజియేర్’ చూస్తున్నంతసేపూ నా మనసులో ఒక కోరిక మెదులుతూ ఉంటుంది. పైకి చెప్పుకోదగ్గది కాదు. ఆ పిల్ల మీద కన్నతండ్రే అఘాయిత్యం చేశాడన్న మాట నిజమైతే బాగుండునని.

సినిమాకు ఆధారం జరిగిన కథే. 1933 ఆగస్టులో పారిస్‌లో, రైలింజను డ్రైవర్ బాతిస్త్ నోజియేర్ కూతురు వియోలెత్, పద్దెనిమిదేళ్లది, మందని చెప్పి అమ్మానాన్నలిద్దరిచేతా నిద్రమందు పొడి తాగించింది. ప్రమాదమని అనుకుంటారని గ్యాస్ తిప్పి వదిలింది. తండ్రి పోయాడు, తల్లి జెర్మైన్ బతికింది. పట్టుబడ్డాక వియోలెత్ తండ్రి మీద ఆ మాట చెప్పింది.

నమ్మినవాళ్లు తక్కువ. అప్పటికే ఆమె ఆడని అబద్ధం లేదు మరి. ఇంట్లో బుద్ధిగా చదువుకునే పిల్ల, లాటిన్ క్వార్టర్ కాఫీ హోటళ్లలో పెద్దింటి అమ్మాయి. ఇంట్లో డబ్బు కాజేసి లా చదివే ప్రియుడి చేతిలో పోసేది. తనకు అంటుకున్న సిఫిలిస్ వంశపారంపర్యంగా వచ్చిందని కన్నవాళ్లనే నమ్మించింది. నాన్నా పులి కథ చిన్నప్పుడు అందరం విన్నదే. చివరికి పులి నిజంగానే వస్తుందన్న సంగతి నీతి చెప్పేటప్పుడు ఎవరికీ పట్టదు. పైగా ఈ పిల్ల పులి అంటున్నది నాన్ననే.

బ్రెటన్, ఎలువార్‌ల సర్రియలిస్టు బృందం ఆ ఏడాదే ఆమె పక్షాన కవితలూ బొమ్మలతో పుస్తకం వేసింది. వాళ్ల తొందర నాకు తెలిసిందే, నాదీ అదే. షబ్రోల్‌కు మాత్రం ఏ తొందరా లేదు. ఇరుకు ఫ్లాటు, ఒకరినొకరు రాసుకుంటూ తిరిగే ముగ్గురు. తండ్రి వేషంలో జాఁ కార్మే మెత్తటి మనిషి. కూతురి వైపు చూసే ఆ చూపు మురిపెమా, మరొకటా? వెనక్కి తిప్పి చూస్తాను. తేలదు. మళ్లీ తిప్పుతాను. ఇజబెల్ ఉప్పేర్ ముఖమూ సాయం చేయదు. పాలిపోయి, ఎవరినీ ఏమీ అడగకుండా ఉంటుంది. కాన్ పండుగలో ఉత్తమ నటి బహుమతి తెచ్చిపెట్టింది ఈ వేషమే. ఒక్కసారి భోరుమని ఏడ్చి ఉంటే నా పని సులువయ్యేది.

నా పని ఏమిటి ఇక్కడ? జాలిపడటమే కదా. ఆ జాలికి రుజువు కావాలి. తండ్రి దుర్మార్గుడైతే ఆమె అభాగ్యురాలు, కాకపోతే డబ్బు కోసం కన్నవాళ్లకు విషం పెట్టిన షోకిళ్ల పిల్ల. రెండూ నిజమై ఉండొచ్చు. తండ్రి చెరిచీ ఉండొచ్చు, ఆమె డబ్బు కోసమే చంపీ ఉండొచ్చు. అది ఒప్పుకోడానికి నా మనసు మొరాయిస్తుంది. నేను నిశ్చింతగా కన్నీరు పెట్టుకోవడం కోసం ఒక పసిపిల్ల బతుకు పాడై ఉండాలని కోరుకుంటున్నానన్నమాట. బయట ఇంకెవరైనా ఈ మాట అంటే వాళ్లతో మాట్లాడటం మానేస్తాను.

నా కోరిక నెరవేరాలంటే ఇంకొకరిని కూడా బలి ఇవ్వాలి. జెర్మైన్ ఆ చిన్న ఇంట్లోనే ఉంటూ చూడని తల్లో, చూసీ ఊరుకున్న తల్లో అయి తీరాలి. ఇన్నిసార్లు చూసినా ఆమె వైపు నుంచి ఆలోచించింది తక్కువ. స్తెఫాన్ ఓద్రాన్ అంత బాగా చేసినా కూడా.

1934 అక్టోబరులో వియోలెత్‌కు పడిన మరణశిక్షను ఏడాది తిరగకముందే యావజ్జీవంగా మార్చారు. 1945లో విడుదలైంది. పెళ్లి చేసుకుంది, ఐదుగురు పిల్లల తల్లయింది. 1963లో కోర్టు ఆమె హక్కులన్నీ తిరిగి ఇచ్చింది, మూడేళ్లకు పోయింది. ఈ రెండో బతుకు నాకు చిరాకు తెప్పిస్తుంది, నేను పెట్టుకున్న రెండు గదుల్లో దేనిలోనూ పట్టదు.

కేసులో కూతురికి ఎదురు నిలిచిన జెర్మైన్ తర్వాత ఆమెను క్షమించింది, ఆమె దగ్గరే ఉంది. కూతురు కలిపిచ్చిన గ్లాసు మళ్లీ అందుకోడానికి ఆమె దేన్ని నమ్మింది? కూతురు చెప్పినదాన్నా, మొగుడి మంచితనాన్నా? లేక ఆ లెక్క తేల్చకుండానే తాగేసిందా?