రాయి చేతిలో ఉంది, చూపు ఎక్కడుంది?



ఒక వస్తువు మన దగ్గర ఉంటే, అదేమిటో మనకు తెలిసినట్టేనా? ఒక రాతి పన్ను కథ చెబుతాను, వినండి.

మధ్యధరా సముద్రంలో మాల్టా అనే చిన్న దీవి ఉంది. అక్కడి సున్నపురాతిలో మూడు మూలల రాళ్లు దొరుకుతాయి. నాలుకలా ఉన్నాయని యూరప్ జనం వాటిని 'నాలుక రాళ్లు' అన్నారు. ఆకాశం నుంచి రాలాయని కొందరన్నారు. సెయింట్ పాల్ శపిస్తే రాళ్లైపోయిన పాము నాలుకలని మాల్టాలో చెప్పుకున్నారు. విషానికి విరుగుడని ప్రభువులు కొని దాచుకున్నారు, వైన్‌లో ముంచి తాగారు, తాయెత్తులా కట్టుకున్నారు.

వందల ఏళ్లు ఇదే నడిచింది. రాళ్లు ఏరినవాళ్లు ఎందరో. అదే సముద్రంలో సొరచేపలు పట్టే జాలర్లూ ఉన్నారు. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లే తక్కువ.

1616లో ఇటలీ పండితుడు ఫాబియో కొలొన్నా ఇవి సొరచేప పళ్లేనని రాశాడు. 1666లో లివోర్నో దగ్గర పెద్ద సొరచేప పట్టుబడితే, దాని తలను ఫ్లోరెన్స్‌లో డెన్మార్క్ దేశస్థుడు నికోలస్ స్టెనో కోసి చూశాడు. పళ్లను నాలుక రాళ్లతో పోల్చి, 1667లో అచ్చు వేయించాడు. పామూ లేదు, శాపమూ లేదు. సొరచేప బతికినంత కాలం పళ్లు రాలుస్తూనే ఉంటుంది. సముద్రపు బురదలో పడిన ఆ పళ్లు లక్షల ఏళ్లకు రాయిలా మారాయి. ప్రతిదానికీ కారణం ఉంటుందని బుద్ధుడు చెప్పింది ఇదే కదా!

ఏరడం తప్పు కాదు. అమెరికాలో ఫ్లోరిడా తీరాన ఇప్పటికీ పిల్లలు ఈ పళ్లు ఏరుతుంటారు. ఏరి, చూసి, అడిగితే జ్ఞానం. ఏరి, దాచి, దండం పెడితే తాయెత్తు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. గోడకు బాబాసాహెబ్ పటం ఉంది. ఆయన బుద్ధుడి మీద రాసిన పుస్తకం బీరువాలో ఉంది. 22 ప్రతిజ్ఞలకు ఫ్రేమ్ కట్టించాం. మంచిదే. కానీ పిల్లాడికి జ్వరమొస్తే ఆస్పత్రి కన్నా ముందు తాయెత్తు కోసం పరిగెడుతున్నామా? పెళ్లికి ముహూర్తం అడుగుతున్నామా? అలాగైతే బీరువాలో ఉన్నది కూడా నాలుక రాయే.

మన అమ్మమ్మలను తప్పు పట్టమని కాదు. వాళ్లను బడికి రానివ్వలేదు, డాక్టరు దొరకలేదు. తాయెత్తు తప్ప వాళ్లకు ఏం మిగిలింది? మనకు బడి దొరికింది. అందుకే బాధ్యత కూడా మనదే.

ధమ్మాన్ని 'ఎహిపస్సికో' అన్నారు. వచ్చి చూడమని దాని అర్థం. ఈ పౌర్ణమికి ఆ పుస్తకం దించి, పిల్లలతో ఒక్క పేజీ చదవండి. "ఇది నిజమేనా?" అని వాళ్లు అడిగితే కోప్పడకండి. అలా అడగడమే ధమ్మానికి మొదటి మెట్టు.

భవతు సబ్బ మంగళం.